అక్వేరియంలో మొక్కలు బాగా ఎదగాలంటే లైటు ఎలా సరిచేసుకోవాలి

"మొక్కలు పెరగడం లేదు, ఇంకా పెద్ద లైటు కొనమంటారా?" "కొత్త లైటు పెట్టినప్పటి నుంచి అద్దాలన్నీ పచ్చబడిపోతున్నాయి, ఏం చేయాలి?" అక్వేరియం గురించి నన్ను ఎక్కువగా అడిగేవి ఈ రెండు ప్రశ్నలే. చూడ్డానికి ఒకదానికొకటి ఎదురుగా ఉన్నా రెండింటికీ మందు ఒక్కటే. మీ లైటు బలమెంతో, రోజుకు ఎన్ని గంటలు వెలుగుతోందో తెలుసుకుని, మీ దగ్గరున్న మొక్కలకు తగ్గట్టు సరిచేసుకోవాలి. కొత్తది కొనడం ఆ తర్వాతి మాట. చాలా ట్యాంకుల్లో ఆ అవసరమే రాదు.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మొక్క వెలుతురు ఒక్కదాంతోనే పెరగదు. వెలుతురు ఎంత పెంచితే మొక్క అంత ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, ఫాస్ఫేట్, పొటాషియం, ఇనుము అడుగుతుంది. పిండి కొద్దీ రొట్టె. అడిగినవి అందకపోతే మొక్క అక్కడే ఆగిపోతుంది. అది వాడుకోలేక వదిలేసిన వెలుతురు మీద నాచు పెరుగుతుంది. అందుకే నేను ఎవరికి చెప్పినా తక్కువ వెలుతురుతో మొదలుపెట్టి, మొక్కను చూస్తూ మెల్లగా పెంచమంటాను. వెలుతురు తక్కువైతే మొక్క నెమ్మదిగా పెరుగుతుంది, అంతే. ఎక్కువైతే వచ్చిన నాచును వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

కావలసినవి

- టైమర్. ఈ జాబితాలో తప్పనిసరి వస్తువు ఇదే. ప్లగ్గుకు తగిలించే మామూలు టైమర్ చాలు. లైటులోనే టైమర్ ఉంటే మరీ మంచిది.
- కొలిచే టేపు.
- లైటు పెట్టె మీద రాసిన వివరాలు, ముఖ్యంగా ల్యూమెన్స్ అంకె (లైటు మొత్తం ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పేది).
- ఫోన్. వారానికో ఫోటో తీయడానికి, వీలైతే లక్స్ (ఒక చోట పడే వెలుతురు ఎంతో చెప్పే కొలత) చూపించే యాప్ కోసం.
- చిన్న నోటుబుక్. ఏ రోజు ఏం మార్చారో రాసుకోకపోతే రెండు వారాల తర్వాత గుర్తుండదు.
- లైటులో డిమ్మర్ (బలం తగ్గించి పెంచే మీట) లేకపోతే దాన్ని పైకెత్తడానికి స్టాండు కానీ, వేలాడదీసే తీగ కానీ.

మొక్కలు వాడుకునే వెలుతురును పార్ అనే అంకెలో చెబుతారు. దాన్ని నేరుగా కొలిచే పార్ మీటర్ అనే పరికరం ఉంది. ఖరీదైనది. ఎవరైనా అరువిస్తే ఒకసారి కొలిచి రాసిపెట్టుకోండి. దీనికోసం డబ్బు పెట్టొద్దు. అది లేకుండా పని జరిగే దారే కింద చెబుతున్నాను.

జాగ్రత్త: నీళ్లలో చేయి పెట్టే ముందు, లైటు కదిపే ముందు ప్లగ్గు తీసేయండి. వైరు నేరుగా ప్లగ్గులోకి దిగకూడదు. ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడి, మళ్లీ పైకెక్కి ప్లగ్గులోకి వెళ్లాలి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గుదాకా రాదు.

1. మీ మొక్కలు ఏ రకమో తేల్చుకోండి

లైటు సంగతి మొక్కే నిర్ణయించాలి. మీ దగ్గరున్నవాటిని ఈ మూడు గుంపుల్లో ఎక్కడో ఒకచోట పెట్టవచ్చు.

తక్కువ వెలుతురు చాలు అనేవి: అనుబియాస్, జావా ఫెర్న్, జావా మాస్, చాలా రకాల క్రిప్టోకోరిన్. వీటికి ట్యాంకు అడుగున 15 నుంచి 30 పార్ సరిపోతుంది.

మధ్యస్థం: వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్, హైగ్రోఫిలా, బకోపా, లిమ్నోఫిలా. 30 నుంచి 50 పార్.

ఎక్కువ కోరేవి: ఎర్రగా మెరవాల్సిన రోటాలా రకాలు, ఆల్టర్నాంథెరా, నేల మీద తివాచీలా పరుచుకోవాల్సిన గ్లోసోస్టిగ్మా, హెమియాంథస్ 'క్యూబా' వంటివి. 50 పైన, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఈ గుంపు మొక్కలకు విడిగా కార్బన్ డయాక్సైడ్ ఇవ్వకుండా లైటు మాత్రమే పెంచితే మొక్కల కంటే ముందు నాచు పెరుగుతుంది. నా మాట నమ్మండి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టే ఉద్దేశం లేకపోతే ఈ గుంపు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

మూడు గుంపులూ ఒకే ట్యాంకులో కలిసి ఉన్నాయా? మధ్యస్థానికి సరిచేయండి. అనుబియాస్, జావా ఫెర్న్‌లను ఏదైనా కొమ్మ నీడలోకో, మూలకో జరపండి. మూలల్లో వెలుతురు ఎలాగూ తక్కువే పడుతుంది.

2. లైటు బలాన్ని అంచనా వేయండి

ముందు ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60, 30, 36 సెంటీమీటర్ల ట్యాంకు అంటే దాదాపు 65 లీటర్లు. దాని మీద 1500 ల్యూమెన్స్ ఎల్‌ఈడీ ఉంటే లీటరుకు 23 ల్యూమెన్స్.

లీటరుకు 10 నుంచి 20 దాకా ఉంటే తక్కువ వెలుతురు, 20 నుంచి 40 దాకా మధ్యస్థం, 40 దాటితే ఎక్కువ. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. ట్యాంకు 45 సెంటీమీటర్ల కంటే లోతుగా ఉంటే అడుక్కి చేరేది ఈ లెక్క చెప్పినదాని కంటే తక్కువ. లోతు తక్కువున్న ట్యాంకుల్లో ఎక్కువ.

"గాలనుకు ఇన్ని వాట్లు" అనే పాత లెక్క ఇంకా చాలామంది నోట వినిపిస్తుంది. అది ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. ఎల్‌ఈడీలకు పనికిరాదు, ఎందుకంటే రెండు ఎల్‌ఈడీలు ఒకే కరెంటు వాడినా ఇచ్చే వెలుతురులో చాలా తేడా ఉండొచ్చు.

పెట్టె మీద ల్యూమెన్స్ రాసి లేకపోతే లక్స్ యాప్ వాడండి. ట్యాంకు అడుగుకు లైటు ఎంత దూరంలో ఉందో కొలవండి. ఫోన్‌ను నీళ్లలో పెట్టొద్దు. లైటును బయట అంతే ఎత్తులో పట్టుకుని, కింద ఫోన్ పెట్టి చూడండి. తెల్లటి ఎల్‌ఈడీ అయితే వచ్చిన లక్స్‌ను సుమారు 70తో భాగిస్తే పార్‌కు దగ్గరి అంకె వస్తుంది. 2000 లక్స్ అంటే దాదాపు 30 పార్ అన్నమాట. ఫోన్‌కూ ఫోన్‌కూ తేడా వస్తుంది కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడొద్దు. ఒకే ఫోన్‌తో ముందూ తర్వాతా కొలిచి పోల్చుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఎరుపు, నీలం కలిసి ఊదాగా కనిపించే లైట్లకు ఈ లెక్క కుదరదు. లక్స్ మనిషి కంటికి తగ్గట్టు కొలుస్తుంది, ఆ లైట్లను తక్కువ చేసి చూపిస్తుంది.

ఇక రంగు. తెల్ల లైటు పసుపు వైపు ఉందా, నీలం వైపు ఉందా అన్నది కెల్విన్ అంకె చెబుతుంది. 6500 కెల్విన్ కొనాలా, 8000 కొనాలా అని రోజుల తరబడి తలపట్టుకునేవాళ్లను చూశాను. 5000 నుంచి 8000 వరకు ఏ తెల్ల లైటుకైనా మొక్కలు పెరుగుతాయి. మీ కంటికి ఏది బాగుంటే అది పెట్టుకోండి. పూర్తిగా నీలంగా ఉండే సముద్రపు పగడాల లైటు మాత్రం వద్దు.

3. వెలుతురుకు అడ్డం వస్తున్నవి తీసేయండి

ఇంకేదీ మార్చకముందు ఇది చేయండి. ట్యాంకు మీద మూత అద్దం ఉంటే తీసి వెలుతురులో పట్టుకుని చూడండి. ఆవిరి ఎండి తెల్లటి ఉప్పు మరకలు పేరుకుని ఉంటాయి, వాటి కింద సన్నటి నాచు కూడా. దానిగుండా దిగే వెలుతురు బాగా తగ్గిపోతుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో బాగా కడిగి పెట్టండి. లైటు కింది భాగాన్ని ప్లగ్గు తీసి తడిగుడ్డతో తుడవండి.

నీళ్ల మీద తేలే మొక్కలు సగానికి మించి పరుచుకుంటే కొన్ని తీసేయండి. కొత్తగా వేసిన కొమ్మల వల్ల నీళ్లు టీ రంగుకు తిరిగి ఉంటే కొంత నీరు మార్చండి. ఆ రంగు నీరు వెలుతురును మింగేస్తుంది.

"లైటు పాతబడిపోయింది" అని నన్ను పిలిచి చూపించిన ట్యాంకుల్లో ఒకటి కంటే ఎక్కువసార్లు మూత కడిగితేనే పని అయిపోయింది.

4. ఎత్తు, చోటు సరిచేయండి

లైటు ట్యాంకు పొడవుకు దగ్గరగా ఉండాలి. 90 సెంటీమీటర్ల ట్యాంకు మీద 45 సెంటీమీటర్ల లైటు పెడితే మధ్యలో ఎక్కువ, చివరల్లో చీకటి. అలాంటప్పుడు ఇంకా బలమైనది ఒకటి కొనడం కంటే మామూలువి రెండు పక్కపక్కన పెట్టడం మేలు.

లైటు నీళ్లకు ఆనుకుని ఉంటే నేరుగా కింద పడే చోట బలంగా, పక్కల్లో బలహీనంగా ఉంటుంది. 10 నుంచి 20 సెంటీమీటర్లు పైకెత్తితే వెలుతురు అంతటా సమంగా పరుచుకుంటుంది, బలం కూడా కొంత తగ్గుతుంది. ఎత్తిన లైటు పడిపోకుండా గట్టిగా బిగించారో లేదో రెండుసార్లు చూసుకోండి. నీళ్లలో పడితే ప్రాణాపాయం.

ముందు వైపు అద్దానికి దగ్గరగా లైటు పెడితే ముందున్న పొట్టి మొక్కలకు వెలుతురు అందుతుంది, చేపల రంగులూ బాగా కనిపిస్తాయి. వెనక పొడవు మొక్కలు ఎలాగూ లైటు దగ్గరికి అవే ఎక్కుతాయి.

5. గంటలు పెట్టండి

కొత్త ట్యాంకు అయినా, నాచుతో అవస్థ పడుతున్న ట్యాంకు అయినా టైమర్‌లో 6 గంటలు పెట్టండి. అన్నీ సవ్యంగా ఉన్న పాత ట్యాంకుకు 7 లేదా 8 గంటలు. 10 గంటలకు మించి ఎవరికీ చెప్పను.

ఆ ఆరు గంటలు ఎప్పుడు అన్నది మీ ఇష్టం. పగలంతా మీరు ఇంట్లో ఉండరనుకోండి, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా పెట్టుకోండి. మొక్కలకు అది పగలే. ప్రతిరోజూ అదే వేళకు వెలగడం ముఖ్యం. చేత్తో ఆన్ చేసే లైటు ఒకరోజు 5 గంటలు, మరో రోజు 13 గంటలు వెలుగుతుంది. చుట్టాలు వస్తే అర్ధరాత్రి దాకా. "రోజూ ఎనిమిది గంటలే సార్" అని చెప్పినవాళ్ల దగ్గర వారం రోజులు రాయించి చూస్తే పది దాటిన రోజులే ఎక్కువ ఉంటాయి.

విడిగా కార్బన్ డయాక్సైడ్ ఇవ్వని ట్యాంకులో ఇంకో పద్ధతి ఉంది. ఉదయం 4 గంటలు, మధ్యలో 3 లేదా 4 గంటలు విరామం, సాయంత్రం మళ్లీ 4 గంటలు. ఆ విరామంలో నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ మళ్లీ కొంత పోగవుతుంది. ఉదయమూ సాయంత్రమూ చేపల్ని చూసుకోవాలనుకునేవారికి ఇది అనుకూలం. సిలిండర్ ఉన్నవాళ్లకు దీనితో పనిలేదు.

రాత్రి పూర్తి చీకటి ఉండాలి. అలంకారానికి నీలం లైటు రాత్రంతా వదిలేయొద్దు, చేపలకూ నిద్ర కావాలి. చీకట్లోంచి ఒక్కసారిగా పూర్తి వెలుతురు వస్తే చేపలు బెదిరి అద్దాలకు కొట్టుకుంటాయి, కొన్ని బయటికే దూకుతాయి. మెల్లగా పెరిగే సదుపాయం లైటులో ఉంటే అరగంట పెట్టండి. లేకపోతే గదిలో లైటు కాసేపు ముందు వెలిగేలా చూసుకోండి.

6. బలం తగ్గించి మొదలుపెట్టండి

డిమ్మర్ ఉంటే కొత్త ట్యాంకుకు 40 నుంచి 50 శాతం దగ్గర పెట్టండి. కంటికి మసకగా కనిపిస్తుంది, "ఇంత లైటు పెట్టుకుని సగం వాడటం ఏమిటి" అనిపిస్తుంది. అయినా అక్కడే ఉంచండి. మన కన్ను వెలుతురుకు చాలా త్వరగా అలవాటు పడిపోతుంది, దానితో కొలవలేం.

డిమ్మర్ లేదా? లైటును ఇంకొంచెం పైకెత్తండి. అది కుదరకపోతే నీళ్ల మీద తేలే మొక్కల్ని మూడో వంతు పరచండి. అదీ వద్దనుకుంటే మూత అద్దం మీద లైటుకు తగలకుండా సన్నటి వల గుడ్డ పరవండి. గుడ్డ లైటుకు ఆనితే వేడెక్కుతుంది కాబట్టి ఆ జాగ్రత్త తప్పనిసరి.

7. సిలిండర్ ఉన్నవాళ్లకు మాత్రమే

లైటు వెలగడానికి గంట, రెండు గంటల ముందు కార్బన్ డయాక్సైడ్ మొదలవ్వాలి. లైటు ఆరడానికి గంట ముందు ఆగాలి. లైటు వెలిగే సమయానికి డ్రాప్ చెకర్ (నీళ్లలో గ్యాసు ఎంతుందో రంగుతో చూపించే చిన్న పరికరం) ఆకుపచ్చకు వచ్చి ఉండాలి. ఇంకా నీలంగా ఉంటే గ్యాసు ఇంకా ముందు మొదలుపెట్టండి. పసుపుకు తిరిగి, చేపలు పైకి వచ్చి ఆయాసపడుతుంటే వెంటనే గ్యాసు ఆపి గాలి పంపు వేయండి. గ్యాసు సరిగ్గా కుదరకముందు లైటు పెంచొద్దు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ గ్యాసు అందే ట్యాంకుల్లోనే ఆకుల అంచులకు నల్లటి గడ్డంలాంటి నాచు ఎక్కువగా వస్తుంది.

8. రెండు వారాలు ఆగి, ఒక్కటే మార్చండి

అందరూ తప్పే మెట్టు ఇదే. మూడో రోజే "ఏమీ తేడా రాలేదు" అని గంటలు పెంచుతారు, ఎరువు రెట్టింపు చేస్తారు, కొత్త మొక్కలు తెస్తారు. ఆ తర్వాత ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో దేవుడికే తెలియాలి.

రెండు వారాలు ఏమీ ముట్టుకోకండి. తర్వాత మొక్కలు ఇంకా వెలుతురు అడుగుతున్నాయని కనిపిస్తే, అద్దాలు శుభ్రంగా ఉంటే, రోజుకు అరగంట పెంచండి. లేదా డిమ్మర్ 10 శాతం పెంచండి. రెండూ ఒకేసారి వద్దు. కనీసం ఒక వారం, వీలైతే రెండు వారాలు చూసి, మళ్లీ ఒక మెట్టు. 8 గంటల దగ్గర గంటలు పెంచడం ఆపేసి, ఆపైన అవసరమైతే బలం మాత్రమే పెంచండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

పాత ఆకుల్ని చూడొద్దు. ఒకసారి పాడైన ఆకు మళ్లీ బాగుపడదు. లైటు మార్చిన తర్వాత పుట్టిన కొత్త ఆకుల్ని చూడండి.

కాడ మొక్కల్లో ఒక కణుపుకూ ఇంకో కణుపుకూ మధ్య దూరం చూడండి. కణుపులు దగ్గరదగ్గరగా, గుబురుగా వస్తుంటే వెలుతురు సరిపోతోంది. కాడ సాగిపోయి, ఆకులు దూరదూరంగా, కింది ఆకులు రాలిపోతుంటే చాలడం లేదు. అయితే కింది ఆకులు రాలడానికి ఇంకో కారణం ఉంది. పైన గుబురెక్కువై కిందికి వెలుతురు దిగకపోవడం. అప్పుడు లైటు పెంచకండి, కత్తెర తీసుకోండి. నేల మీద పాకాల్సిన మొక్క నిటారుగా పైకి లేస్తుంటే అడుగుకు వెలుతురు అందడం లేదని అర్థం. ఎర్ర మొక్క కొత్త చిగురు పచ్చగా వస్తున్నా దాదాపు అదే కథ.

లిమ్నోఫిలా, హైగ్రోఫిలా ఉన్నవాళ్లకు అందమైన గుర్తు ఒకటి. ఆ రోజుకు చాలినంత వెలుతురు తీసుకున్నాక అవి కొన ఆకుల్ని ముడుచుకుంటాయి. లైటు ఆరడానికి రెండు మూడు గంటల ముందే ముడుచుకుంటున్నాయంటే ఆ చివరి గంటలు వాటికి అక్కర్లేదు, నాచుకే ఉపయోగం. నేను మొదటిసారి ఇది గమనించిన రోజునే టైమర్‌లో గంటన్నర తగ్గించాను. మొక్కల పెరుగుదలలో ఏ తేడా రాలేదు, అద్దాలు తోమే పని మాత్రం సగమైంది.

ఆకుల మీద సన్నటి గాలి బుడగలు పుడితే చూడ్డానికి ఆనందమే. కానీ నీళ్లు మార్చిన గంటలోపు వచ్చే బుడగల్ని లెక్కలోకి తీసుకోవద్దు. అవి కొత్త నీళ్లలో కరిగి ఉన్న గాలి. అద్దాల మీద, రాళ్ల మీద కూడా ఉంటాయి కాబట్టి గుర్తుపట్టడం తేలిక. లైటు వెలిగిన కొన్ని గంటలకు ఆకుల నుంచి మాత్రమే వచ్చేవే అసలైనవి, అంటే మొక్క వదిలే ఆక్సిజన్. అవి రాకపోయినా కంగారు లేదు, తక్కువ వెలుతురు ట్యాంకుల్లో మొక్కలు బుడగలు చూపించకుండానే చక్కగా పెరుగుతాయి.

నేను అన్నిటికంటే నమ్మే కొలత ముందు అద్దం. పూర్తిగా తుడిచి, తేదీ రాసిపెట్టుకోండి. ఎన్ని రోజులకు పచ్చటి పొర కనిపించింది? వారం, పది రోజులైతే లైటు అదుపులో ఉంది. రెండు మూడు రోజులకే వస్తుంటే ఎక్కువైంది, ఒక మెట్టు దిగండి.

వారానికోసారి అదే చోటు నుంచి, అదే సమయంలో ఫోటో తీయండి. రోజూ చూసే కంటికి కనిపించని తేడా నాలుగు ఫోటోలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. అనుబియాస్ ఉన్నవాళ్లకు ఇది మరీ అవసరం. అది ఒక కొత్త ఆకు వేయడానికే వారాలు తీసుకుంటుంది, అది దాని స్వభావం, లైటు లోపం కాదు.

తరచుగా జరిగే పొరపాట్లు

కొత్త మొక్క కరిగిపోతే లైటు పెంచడం. అమ్మకానికి పెంచే మొక్కల్లో చాలావాటిని నీళ్ల పైన పెంచుతారు. ట్యాంకులో నాటాక ఆ ఆకులు కుళ్లి, నీళ్లలో బతకగల కొత్త ఆకులు వస్తాయి. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. క్రిప్టోకోరిన్ అయితే చోటు మార్చినా, నీళ్లు మారినా మొత్తం ఆకులన్నీ కరిగించేస్తుంది. తొలిరోజుల్లో నేను చచ్చిపోయిందనుకుని ఒక గుత్తిని వేళ్లతో సహా పీకి పారేశాను. వేళ్లు తెల్లగా గట్టిగా ఉన్నాయంటే మొక్క బతికే ఉందని తర్వాత తెలిసింది. కుళ్లిన ఆకులు కత్తిరించి, వేళ్లను కదపకుండా ఆగండి.

ఎరువు లోపాన్ని లైటు లోపం అనుకోవడం. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా వస్తే అది చాలావరకు ఇనుము లోపం. పాత ఆకుల్లో సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు పడితే పొటాషియం. పాత ఆకులు మొత్తంగా పసుపుబారితే నైట్రోజన్. వీటిలో ఏదున్నా లైటు పెంచితే లోపం ఇంకా ముదురుతుంది.

కిటికీ పక్కన ట్యాంకు. నేరుగా ఎండ పడితే మీ టైమర్ లెక్కలన్నీ వృథా, నీళ్లు కూడా వేడెక్కుతాయి. ట్యాంకు జరపలేకపోతే ఎండ వచ్చే వైపు అద్దానికి బయట నల్ల కాగితం అంటించండి.

అనుబియాస్‌ను లైటు కింద నడిమధ్యన పెట్టడం. నెమ్మదిగా పెరిగే ఆకు నెలల తరబడి బలమైన వెలుతురులో ఉంటే దాని మీద గట్టి పచ్చ చుక్కలు పడతాయి. తుడిస్తే పోవు. నా ట్యాంకులో అలా పాడైన మొక్కను కొమ్మ నీడకు మార్చాను, ఆ తర్వాత వచ్చిన ఆకులు శుభ్రంగా వచ్చాయి. ఈ చుక్కలకు ఫాస్ఫేట్ తక్కువవడం కూడా కారణమే, కాబట్టి నీడకు మార్చినా ఆగకపోతే ఎరువు సంగతి చూడండి.

కొత్త ట్యాంకులో గోధుమ రంగు పొర చూసి బెదిరి లైటు పూర్తిగా ఆపేయడం. మొదటి కొన్ని వారాల్లో ఆ పొర రావడం మామూలే. వేలితో తుడిస్తే ఊడిపోతుంది, ట్యాంకు కుదురుకున్నాక దానంతటదే తగ్గుతుంది. లైటు ఆపేస్తే అప్పుడే వేళ్లూనుతున్న మొక్కలు దెబ్బతింటాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

నాచు ఇప్పటికే ముంచెత్తితే

చేత్తో తీయగలిగినంత తీసేయండి, బాగా పాడైన ఆకులు కత్తిరించండి, సగం నీరు మార్చండి. గంటలు 6కు తగ్గించి, డిమ్మర్‌ను ఇప్పుడున్నదాంట్లో మూడో వంతు తగ్గించి రెండు మూడు వారాలు ఉంచండి. ఎరువు మాత్రం ఆపొద్దు. మొక్కను పస్తు పెడితే నాచు ముందు మొక్కే ఓడిపోతుంది. వేగంగా పెరిగే కాడ మొక్కలు కొన్ని అదనంగా నాటితే ఇంకా త్వరగా దారికొస్తుంది.

నీళ్లే పచ్చగా చిక్కబడిపోతే దారి వేరు. సగం నీరు మార్చి, ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పి, మూడు రోజులు పూర్తి చీకటిలో ఉంచండి. ఆ మూడు రోజులూ గాలి పంపు తప్పనిసరిగా నడవాలి, ఎందుకంటే చీకట్లో ఆక్సిజన్ పుట్టదు, చచ్చే నాచు ఉన్నదాన్ని కూడా వాడేస్తుంది. సిలిండర్ ఉంటే గ్యాసు ఆపేయండి. మేత కూడా ఆపేయవచ్చు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు మూడు రోజులు ఏమీ కాదు. నాలుగో రోజు దుప్పటి తీసి మళ్లీ సగం నీరు మార్చి, 6 గంటల నుంచి మొదలుపెట్టండి.

కొత్త లైటు కొనక తప్పనప్పుడు

మూత శుభ్రం చేశారు, గంటలు 8కి తెచ్చారు, బలం పూర్తిగా పెంచారు, ఎరువు అందుతోంది, అయినా రెండు నెలలుగా కాడలు సాగుతూనే ఉన్నాయి, అద్దాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఇవన్నీ నిజమైతే లైటు నిజంగానే చాలడం లేదు. ట్యూబ్‌లైట్లు వాడుతున్నవాళ్లు ఏడాదికొకసారి ట్యూబు మార్చాలి, కంటికి బాగానే వెలుగుతున్నా బలం తగ్గిపోతుంది. రెండు ట్యూబులుంటే ఒకేరోజు రెండూ మార్చకండి, నెల తేడాతో మార్చండి. ఎల్‌ఈడీ కొంటుంటే డిమ్మర్ ఉన్నదే తీసుకోండి. తెచ్చిన రోజున దాన్ని సగం బలానికి, టైమర్‌ను మళ్లీ 6 గంటలకు తగ్గించి, నోటుబుక్‌లో ఆ తేదీ రాసుకుని, ఎనిమిదో మెట్టు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.